ఆరు లక్షల వాగ్దానము

టెస్లా సంస్థ 2025 జూలై 15వ తేదీన ముంబయి బాంద్రా–కుర్లా ప్రాంతమున తన తొలి షోరూమును తెరచి, మోడల్ వై కారునకు 59.89 లక్షల రూపాయల ప్రారంభమూల్యమును ప్రకటించిననాడే, 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' అను పేర మరియొక ఆరు లక్షల రూపాయల అదనపు సదుపాయమును ధరలపట్టికలో చేర్చినది. కారు తనంతట తాను నడచు ఆ విద్య నాడు భారతదేశపు రహదారులపై పనిచేయునది కాదు. సాఫ్ట్‌వేరు మార్పులతో మున్ముందు సిద్ధించునన్న ఆశ మాత్రమే ఆ సొమ్మునకు ప్రతిఫలము. హైదరాబాదులో కారు కొనదలచి, ఈ ఆరు లక్షలు ఇప్పుడే కట్టవలెనా, వేచియుండవలెనా యని తర్జనభర్జన పడువారికి మా సమాధానము స్పష్టము: కట్టవలదు. అంతేకాదు, ఈ దేశమున ఇంకను పనిచేయని సామర్థ్యమునకు పూర్తిమూల్యమును ముందుగా వసూలుచేయుటను ప్రభుత్వము సహింపరాదనియు మా దృఢాభిప్రాయము.

ఏ యంత్రమునైనను అది పనిచేయవలసిన చోటనే పరీక్షింపవలెను. కాలిఫోర్నియాలోని విశాలవీథులలో తీసిన చిత్రములను ఫోనులో చూచి ముచ్చటపడువారు, ఒక సాయంకాలము నాంపల్లి స్టేషను గుమ్మమునుండి ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయము ఎదుటి నెహ్రూ విగ్రహము వరకు గల దారిని తలచుకొందురు గాక. రైలు దిగిన జనము సామానులతో వెలుపలికి రాగానే, వరుసలు కట్టి నిలిచిన ఆటోలు కదలక, మరియొక వరుసకు చోటు వెదకుచుండును. మెట్రో స్తంభముల నడుమ విడిచిన సందులనుండి మోటారుసైకిళ్లు ఎదురుదిశను దూసుకొనివచ్చును. జనవరి ఒకటినుండి ఫిబ్రవరి నడుమవరకు నుమాయిష్ జరుగునన్నాళ్లు, ఎగ్జిబిషన్ మైదానమునకు పోవు కుటుంబములు పిల్లల చేతులు పట్టుకొని సిగ్నలు రంగుతో నిమిత్తము లేకయే రోడ్డు దాటుచుండును. మొజంజాహీ మార్కెట్టు కూడలిలో ఎర్రదీపము వెలుగుచున్నను కానిస్టేబులు చేయి ఊపినచో పోవలసినదే, పచ్చదీపము వెలుగుచున్నను ఆయన అరచేయి చూపినచో ఆగవలసినదే. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పరచినప్పుడు నడచువారు రోడ్డుమీదికి దిగుదురు. ఇచ్చట డ్రైవరు గీతలకంటె ముఖములనే ఎక్కువగా చదువును. ఎదుటి ఆటోవాడు తల కొంచెము ఆడించెనేని దారి ఇచ్చినట్లు. హారను ఆపక మ్రోగించెనేని తాను ఆగనని చెప్పినట్లు. ఈ సంభాషణకు వ్యాకరణము వ్రాసినవారు ఇంతవరకు లేరు.

ఇది పరిహాసమునకు చెప్పుమాట కాదు, శాస్త్రజ్ఞులు గుర్తించిన చిక్కు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్ సంస్థతో కలిసి, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను వాని శివారులలోను 182 పర్యాయములు బండి నడపి తీసిన దృశ్యములనుండి పదివేల చిత్రములను ఏర్చి, అందలి వస్తువులను 34 వర్గములుగా గుర్తులువేసి 2018లో లోకమునకు అందించిరి. ఐరోపా నగరముల చిత్రములతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రము ఆటోరిక్షాను ఎరుగదు. రోడ్డు అంచు ఎచ్చట ముగిసి మట్టినేల ఎచ్చట మొదలగునో, అవసరము కలిగినచో ఆ మట్టినేలపై గూడ బండి ఎట్లు పోవునో ఎరుగదు. అందుచేతనే వారు ఆటోకు ఒక వర్గమును, పశువునకు ఒక వర్గమును, బండి పోదగిన పక్కనేలకు వేరొక వర్గమును కల్పించిరి. కందిలోని ఐఐటీ హైదరాబాదునందు తిహాన్ కేంద్రము 2022 జూలైలో స్వయంచాలకవాహనముల పరీక్షాక్షేత్రమును ప్రారంభించి, తరువాత తమ ఆవరణలోనే డ్రైవరులేని విద్యుద్వాహనములను నడపి చూపినది. మన విద్వాంసుల ఈ కృషి ప్రశంసనీయము. పైపెచ్చు, వీరెవ్వరును మనవద్ద ముందుగా సొమ్ము అడిగినవారు కారు.

సొమ్ము అడిగినవారి చరిత్ర వేరు. 2016 అక్టోబరులో టెస్లా అధిపతి ఈలాన్ మస్క్, ఆనాటినుండి తయారగు తమ కార్లన్నిటియందును సంపూర్ణ స్వయంచాలనమునకు వలసిన పరికరములు కలవని చాటి, 2017 ముగియులోపల లాస్ ఏంజలీస్ నుండి న్యూయార్కు వరకు మనుష్యుని చేయి తగులకుండ కారును నడిపించి చూపుదునని ప్రతిజ్ఞచేసెను. ఆ సంవత్సరము గడచెను గాని ఆ ప్రదర్శనము జరుగలేదు. 2019 నుండి అమర్చుచు వచ్చిన కంప్యూటరు ఇందుకు చాలదనియు, సదుపాయమును కొన్నవారి కార్లలో దానిని మార్చవలసియుండుననియు 2025 జనవరిలో ఆయనయే ఒప్పుకొనెను. అనగా తొలినాళ్లలో ఉత్సాహపడి కట్టినవారు తమ సొమ్మునకు ఏండ్లతరబడి ఎదురుచూచిరి. వారిలో కొందరు ఈలోపల ఆ కార్లనే అమ్ముకొనిరి. ఈ సదుపాయము సామాన్యముగా కారుతో పోవునే కాని, యజమాని కొత్తకారు కొన్నచో ఆయన వెంట రాదు.

"ధర నానాటికి పెరుగును, ఇప్పుడే కొనుట లాభము" అని షోరూములో చెవినబడు మాట కలదు. బంగారమునకు చెల్లు ఈ న్యాయము దీనికి చెల్లలేదు. అమెరికాలో ఈ సదుపాయపు ధర 2022 సెప్టెంబరులో 15,000 డాలర్లకు ఎక్కి, 2024 ఏప్రిల్ నాటికి 8,000 డాలర్లకు దిగినది. నెలచందా 199 డాలర్లనుండి 99 డాలర్లకు తగ్గినది. ఈ చందా లెక్కన 8,000 డాలర్లు ఆరేండ్ల ఎనిమిది నెలలు వచ్చును. తుదకు 2026 జనవరిలో, ఏకమొత్తముగా అమ్ముటయే మాని చందాపద్ధతిని మాత్రమే ఉంచుదుమని అచ్చటివారికి ప్రకటించిరి. మన ఆరు లక్షలు బ్యాంకులో ఆరున్నర శాతము వడ్డీకి ఉన్నను ఏటేట 39,000 రూపాయలు తెచ్చును. ఆ సాఫ్ట్‌వేరు నిజముగా వచ్చిననాడు ఆ వడ్డీతోనే చందాలో కొంతభాగము కట్టుకొనవచ్చును.

అమెరికాలో ఆ సాఫ్ట్‌వేరు కారును బహుదూరము నేర్పుతో నడుపుచున్నదనుట సత్యము. దానిని కాదనుట మూర్ఖత. అయినను 2024 అక్టోబరులో ఆ దేశపు రహదారిభద్రతాసంస్థ నాలుగు ప్రమాదముల దరిమిలా 24 లక్షల టెస్లా కార్లపై విచారణ ఆరంభించినది. అందొక ప్రమాదమున పాదచారి మరణించెను. ఎండ కన్నులకు కొట్టుట, పొగమంచు, గాలిలోని ధూళి మున్నగు కారణములచేత దృష్టి మందగించిన వేళలందు అవి జరిగినవి. కెమెరాలనే నమ్ముకొన్న ఈ యంత్రము, పడమటి ఎండ సూటిగా ముఖమునబడు వేళ, ధూళి నిండిన మన వీథులలో ఏమి చూడగలదో ఆలోచింపవలసియున్నది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు. ఆబిడ్స్‌లో ఆ కారు ఒక వృద్ధుని ఢీకొన్నదనుకొందము. నాంపల్లి క్రిమినల్ కోర్టులో బోనునెక్కువారెవరు? సాఫ్ట్‌వేరు వ్రాసిన టెక్సస్ ఇంజనీరు రాడు. స్టీరింగు ఎదుట కూర్చున్న మనిషియే నిలువవలెను. భారతీయ న్యాయసంహిత 281వ సెక్షనున అజాగ్రత్తగా నడిపిన నేరము, ప్రాణము పోయెనేని 106వ సెక్షనున ఐదేండ్లవరకు శిక్ష పడదగు నేరము ఆయనపైననే మోపబడును. 1988 నాటి మోటారువాహనముల చట్టము లైసెన్సుగల మనుష్యునే ఎరుగును గాని యంత్రమును ఎరుగదు. టెస్లాయు డ్రైవరు సదా కనిపెట్టియుండవలెననియే చెప్పుచున్నది. చూపు మనది, భయము మనది, శిక్ష మనది. రుసుము మాత్రము వారిది! జర్మనీలో 2022 నుండి మెర్సిడెస్ సంస్థ తన డ్రైవ్ పైలట్ సదుపాయము, నిర్దిష్టమైన రహదారులపై, నిర్దిష్టమైన వేగములోపల నడుచునంతసేపు బాధ్యతను తానే వహించుటకు ముందుకు వచ్చినది. అది ఇరుకైన వాగ్దానమే కావచ్చును, అయినను వెలకట్టదగినది.

కేంద్ర రవాణామంత్రి గడ్కరీ డ్రైవర్ల జీవనోపాధి పోవునన్న కారణమున డ్రైవరులేని కార్లను ఈ దేశమునకు రానీయనని పలుమార్లు చెప్పియున్నారు. లక్షలాది కుటుంబముల అన్నమునకు సంబంధించిన ఆ చర్చను వేరొకనాడు విపులముగా చేయుదుము. అయితే ప్రభుత్వము నిషేధించుటకు పూర్వమే కొనుగోలుదారుడు అడుగదగిన ప్రశ్న వేరు: సొమ్ము కట్టిన సదుపాయము నేడు పనిచేయునా? అట్లు పనిచేయునవియు కలవు: ముందు అడ్డువచ్చినప్పుడు తానే బ్రేకు వేయుట, పక్కవాహనమును గూర్చి హెచ్చరించుట మొదలగు సదుపాయములు 2021 నాటి మహీంద్రా ఎక్స్‌యూవీ 700 మొదలుకొని స్వదేశపు కార్లలో గూడ వచ్చినవి. ఇరుకువీథులలో అవి కొన్నివేళల ఉలికిపాటు బ్రేకు వేసి వెనుకవానిని బెదరించును గాని, కొన్న మరునాడే పనిచేయును. వానికి అదనముగా కొంత చెల్లించుట వివేకమే.

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో పాతఫోను బేరమాడు కుర్రవాడు, దానిని వెలిగించి, తన సిమ్ము వేసి, ఒక్క కాల్ మాట్లాడి చూచినగాని నోటు తీయడు. అరవై లక్షల కారు కొను విద్యాధికుడు ఆ కుర్రవానిపాటి జాగ్రత్తయైనను పాటింపవలదా? పాటింపకున్నను ఆయనను కాపాడుట ప్రభుత్వపు విధి. 2019 నాటి వినియోగదారుల సంరక్షణచట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికారసంస్థ, ఈ దేశమున అమలులోనికి రాని సదుపాయమునకు ముందుగా రుసుము పుచ్చుకొనుటను నిలిపివేయవలెను. పుచ్చుకొన్న సంస్థ నియమితకాలములో దానిని అందింపనిచో వడ్డీతో తిరిగి ఇచ్చునట్లును, యజమాని కారు మార్చినచో ఆ హక్కు కొత్తకారునకు సంక్రమించునట్లును ఆజ్ఞాపింపవలెను.

ఇప్పటికే కట్టియున్నవారు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. ఆర్డరునాటి ధరలపట్టికను, ప్రకటనల ప్రతులను, రసీదును భద్రపరచుకొని, మొదట సంస్థకు వ్రాతపూర్వకముగా నోటీసు ఇచ్చి, తరువాత వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. కారు మూల్యముతో కలిపి చెల్లించినది 50 లక్షలు దాటును గనుక, వ్యాజ్యము జిల్లా కమిషనునకు గాక రాష్ట్ర కమిషనునకు చేరవలసియుండును. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు కావలెనని చట్టము. 2025లో ఆరు లక్షలు కట్టినవారు ఈ విషయమై తమ వకీలును ఈ నెలలోనే కలిసికొనుట మేలు.