బాతుల కోసం భూములు కొనవచ్చునా?

బాతులను కాపాడటానికి డబ్బు ఎవరివ్వాలి? వాటిని వేటాడేవాళ్లే ఇవ్వాలి అంటే మీకు నవ్వు రావచ్చు. కాని అమెరికాలో 1934 నుంచి జరుగుతున్నది అదే.

అక్కడ నీటి బాతుల వేటకు వెళ్లాలంటే, 16 ఏళ్లు నిండిన ప్రతివారూ ఏటా ఒక 'బాతు స్టాంపు' కొనాలి. అది ఉత్తరాలకు అంటించే స్టాంపు కాదు, అనుమతి చీటీ లాంటిది. మొదటి స్టాంపు మీది బొమ్మ గీసింది డార్లింగ్ అనే కార్టూనిస్టు. వన్యప్రాణులను చూసే ప్రభుత్వ శాఖకు అప్పటి అధిపతి కూడా ఆయనే! ఆనాడు స్టాంపు ధర 1 డాలరు. 2015 నుంచి 25 డాలర్లు. వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు పక్షులకు నేల సంపాదించడానికే పోతాయి. ఇంతవరకు 60 లక్షల ఎకరాలకు పైగా అలా రక్షణలోకి వచ్చింది.

నేల ఎందుకు, వేట ఆపితే చాలదా అంటారేమో. చాలదు. ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, మిన్నెసోటా రాష్ట్రాల్లో పొలాల నడుమ లెక్కలేనన్ని చిన్న గుంటలుంటాయి. వేల ఏళ్ల కిందట హిమానీనదాలు వదిలిపోయిన పల్లాలివి. కొన్ని ఎండాకాలంలో ఎండిపోతాయి కూడా. చూసేవారికి పనికిరాని మడుగులు. కాని వసంతంలో ముందుగా వేడెక్కేవి ఈ లోతులేని గుంటలే. వాటిలో పురుగులు పుడతాయి. గుడ్లు పెట్టే ఆడబాతుకు కావలసిన మాంసకృత్తులు ఆ పురుగుల్లోనే దొరుకుతాయి. పైగా బాతుల జంటలకు ఎడం కావాలి. అందుకే ఒక్క పెద్ద చెరువు కంటే వంద చిన్న గుంటలు మేలు. రైతులు కాలువ తీసి వీటిని ఎండగట్టి గోధుమ వేస్తే, తుపాకి పేలకుండానే బాతులు తగ్గిపోతాయి.

1958లో చట్టం సవరించి ఈ గుంటలను కూడా కొనసాగారు. కొన్న చోట వేటగాళ్లకూ, పక్షులను చూసేవారికీ ప్రవేశం ఉంటుంది. మరో పద్ధతి కూడా ఉంది. పొలం రైతుదే; గుంటను ఎండగట్టను, పూడ్చను అని మాట ఇచ్చి సొమ్ము తీసుకుంటాడు. ఆ మాట శాశ్వతం. తాత చేసిన సంతకానికి మనవడు కూడా కట్టుబడాలి!

తగవు ఇక్కడే వచ్చింది. 1977లో ఉత్తర డకోటా రాష్ట్రం ఇలాంటి ఒప్పందాలకు అడ్డుకట్టలు వేస్తూ శాసనాలు చేసింది. గవర్నర్లు ఒకసారి ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోరాదని 1983లో సుప్రీం కోర్టు తేల్చింది. నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. బాతులు ఏటా ఈ గుంటలకు వస్తాయి. ఇరవై ఏళ్ల గడువు పెడితే వాటికేం తెలుసు? అయినా మనవడి గోడు అబద్ధం కాదు.

సరదాకు ప్రాణం తీయడం నాకు గిట్టదు. మన దేశంలో 1972 నాటి చట్టానికి 1991లో చేసిన సవరణతో అలాంటి వేటకు చోటు లేకుండా పోయింది. అది మంచి పని. అయితే మనం వేటను ఆపినంత శ్రద్ధగా భూమికి వెల కట్టామా? కొల్లేరు చూడండి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. గీసిన హద్దులో ఆక్రమించి తవ్విన చేపల చెరువులూ ఉన్నాయి, రైతుల పట్టా భూములూ ఉన్నాయి. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆక్రమణలను తొలగించడం న్యాయమే. పట్టాదారుల పరిహారం మాత్రం ఏళ్లూ పూళ్లూ తేలలేదు. సొమ్ము ముట్టని రైతు కొంగలకు చుట్టమవుతాడా?

డబ్బెక్కడిది అంటారు. వేటగాడు లేనిచోట స్టాంపు ఎవరు కొంటారు? పక్షులను చూడటానికి వచ్చేవాళ్లా, కొల్లేటి చేప తినేవాళ్లా, మనమందరమా? మందరమే అంటాను నేను. మీకు మరోలా అనిపిస్తే మీ సైన్సు మాష్టారితో వాదించి చూడండి.