కాగితం వెనక్కి తిప్పి చదవండి

అమీర్‌పేట మైత్రీవనం పక్కన జిరాక్స్ కొట్టు దగ్గర మొన్న ఒక కుర్రాడు కలిశాడు. కోచింగ్ కోసం నల్లగొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. తాత ట్రంకుపెట్టెలో దొరికిన కాగితాలను లామినేషన్ చేయించడానికి తెచ్చాడు. 1955, 1958, 1961 నాటి ప్రోనోట్లు మూడు, ఉర్దూలో ఇంకో పాత కాగితం. "తాత మూడుసార్లు అప్పు చేసిండు సార్, ముత్తాత పొలం అమ్ముకున్నడట" అన్నాడు, తల వంచుకుని.

నోట్లు తిరగేశాం. అప్పిచ్చినాయన ఒక్కడే. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. అది దాటితే దావా నిలవదు కాబట్టి, గడువు ముగిసేలోగా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకునేవారు. తాత చేసింది ఒక్క అప్పే. ప్రతి నోటు వెనకా ఆయన కట్టిన చెల్లులు, కింద వేలిముద్ర. ఆ ఇంటి అసలు చరిత్ర ఆ వెనకవైపే ఉంది.

ఉర్దూ కాగితాన్ని పంజాగుట్టలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదటి పంక్తి చూసే "రహన్" అన్నారు. అంటే తాకట్టు. అమ్మకమైతే బైనామా అని ఉండేది. ఈ ఒక్క మాట తెలియక ముత్తాత పొలం అమ్ముకున్నాడని మూడు తరాలు చెప్పుకున్నాయి. సంవత్సరం నిజాం కాలపు లెక్కలో 1345 ఫస్లీ, అంటే 1935-36. ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. సరిచూసుకోవాలంటే, హైదరాబాద్ జాగీర్ల రద్దు శాసనం 1358 ఫస్లీది, వచ్చింది 1949 ఆగస్టులో. లెక్క సరిపోతుంది. ఇక సొమ్ము 700 హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, కాబట్టి బ్రిటిష్ రూపాయల్లో 600.

అన్ని అప్పులూ ఇలాంటివి కావు. భగేలా పేరుతో ముందస్తు సొమ్ము ఇచ్చి మనిషినే కట్టేసుకున్న అప్పులున్నాయి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం భగేలాను పేరు పెట్టి నిషేధించింది. భగేలాను అప్పు అనడానికి నాకు మనసొప్పదు. రాసిన కాగితం ఉన్నా అది దొర ఇంట్లోనే ఉండేది, కూలి ఇంట్లో కాదు. అలాంటి కుటుంబాల వారు పెట్టె ఖాళీగా ఉందని వదిలేయకండి, ముసలమ్మలను అడగండి.

లామినేషన్ మాత్రం వద్దు. అది పాత కాగితాన్ని పాడుచేస్తుంది, మళ్లీ ఊడదీయలేం. ముందూ వెనకా ఫొటోలు తీసి, గుడ్డలో చుట్టి దాచండి. పాత కాగితాల్లోని గొలుసుకట్టు ఉర్దూ చదవగల పెద్దలు మీ వీధిలో ఇంకా ఉంటే, ఈ ఆదివారమే కాగితాలు పట్టుకుని వెళ్లండి.