తాడు లేని ధైర్యం మనకొద్దు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే అందరూ చదువు గురించో క్రమశిక్షణ గురించో రాస్తారు. నేను కొండ ఎక్కడం గురించి రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మన హాస్టల్లో పదిమందిని నిలబెట్టి ఏమవుతారని అడిగితే నలుగురైనా మిలిటరీ అంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకే హిందూపురం రోడ్డెక్కి పరుగెత్తేది అందుకే. నేనూ పరుగెత్తినాను. సైన్యం ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు. తర్వాత పుల్‌అప్స్. పది తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16, ఆరు కూడా రాకపోతే ఇంటికే. పరుగులో గట్టెక్కిన నేను కడ్డీ దగ్గర నాలుగుకే వేలాడిపోయాను. కాళ్ళకు రోడ్డుంది. చేతులకు మనకేముంది? హాస్టల్ వెనుక వేపచెట్టు కొమ్మ. అదీ ఒకరోజు విరిగింది.

వేళ్ళ పట్టు, చేతుల బలం, కాళ్ళ తూకం, వీటితోనే ఆడే ఆట ఒకటుంది. పేరు స్పోర్ట్ క్లైంబింగ్. కట్టిన గోడకు బిగించిన పట్టులు పట్టుకుని పైకి పోవాలి. ఇందులో మూడు రకాలు. స్పీడ్‌లో 15 మీటర్ల గోడను ఎవరు ముందు ఎక్కితే వారిది గెలుపు. లీడ్‌లో తాడు తగిలించుకుంటూ ఆరు నిమిషాల్లో ఎంత ఎత్తుకు పోతే అంత. బౌల్డరింగ్‌లో తాడుండదు, గోడ పొట్టిది, కింద మెత్తటి పరుపులుంటాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి వచ్చింది. 2024 పారిస్‌లో పోలండ్ అమ్మాయి అలెగ్జాండ్రా మిరోస్లావ్ 15 మీటర్ల గోడను 6.06 సెకన్లలో ఎక్కింది. మనం హాస్టల్ మేడమెట్లు ఎక్కడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. స్పీడ్ గోడ ప్రపంచమంతా ఒకటే. పట్టులు ఏ వరుసలో, ఎంత దూరంలో ఉండాలో ముందే నిర్ణయమైపోయింది. పారిస్‌లో ఉన్న గోడే హిందూపురంలోనూ కట్టుకోవచ్చు. దీనికి మంచు కొండలు అక్కర్లేదు.

ఇక సైన్యం మాట. 2019లో స్పీడ్‌లో ప్రపంచ విజేత అయిన లుదొవికో ఫొస్సాలి ఇటలీ సైన్యపు క్రీడా కేంద్రానికి చెందిన సైనికుడు. అక్కడ ఈ ఆటగాళ్ళను సైన్యం, పోలీసు శాఖ తమవాళ్ళుగా చేర్చుకుంటాయి. మన సైన్యానికి బండ ఎక్కడం ఆట కంటే ముందు అవసరం. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన పర్వతారోహణ సంస్థను నడిపించేది సైనికాధికారులే. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ నిట్టనిలువు బండ ఎక్కి, వెనక వచ్చేవాళ్ళకు తాడు కట్టబోయిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పుడు 19 ఏళ్ళు. అదే యుద్ధంలో నాగాలాండ్ యువకుడు కెంగురుసే పట్టు దొరకడం కోసం బూట్లు విప్పేసి ఒట్టి కాళ్ళతో బండ ఎక్కి ప్రాణమిచ్చాడు. ఆయన పనిచేసిన 2వ రాజ్‌పుతానా రైఫిల్స్‌లోనే మన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య కూడా నేలకొరిగారు. ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది.

ఇప్పుడు మన కొండకు వద్దాం. పెనుకొండ కోట చూడటానికి మనం ఎన్నిసార్లు పోలేదు? 1565 తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న చోటు అని సార్లు చెబుతుండగానే మనం బండలెక్కేసేవాళ్ళం. నేను ఎనిమిదిలో ఉండగా నా పక్క మంచం మిత్రుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఒక నున్నటి బండ ఎక్కాడు. కింద మేమంతా చప్పట్లు. దిగేటప్పుడు జారాడు. మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. మా అందరికంటే చేతుల్లో బలం ఉన్నవాడు వాడే. వాడు ఏ ర్యాలీకీ పోలేకపోయాడు. ఇప్పుడు ధర్మవరంలో ఆటో తోలుతున్నాడు. వాడి ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా నాయన క్వారీలో బండలు కొట్టే కూలీ. నడుముకు తాడు లేకుండానే ముప్పై ఏళ్ళు బండ మీద నిలబడ్డాడు. పేదవాడు తాడు లేకుండా ఎక్కితే లోకం "భలే ధైర్యం" అంటుంది, తాడు మాత్రం ఇవ్వదు. క్లైంబింగ్ నేర్పేచోట మొదటి పాఠం ఎక్కడం కాదు. నడుముకు బెల్టు కట్టుకోవడం, ముడి సరిచూసుకోవడం, కింద ఒకడు నీ తాడు పట్టుకుని నిలబడటం.

ఆ తాడు ఇస్తే మనవాళ్ళు ఏం చేస్తారో 2014 మే 25న తేలిపోయింది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళు మొదట చేతులు పెట్టింది భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో. ఆ రోజు పేపర్లో ఫొటో చూసి మన హాస్టళ్ళలో ఎంత సంబరపడ్డాం! కానీ భువనగిరి లాంటి బండలు మన పెనుకొండలో లేవా?

"ముందు బాత్రూముల తలుపులు పెట్టించండి, గోడ తర్వాత" అని ఒక సీనియర్ అన్న నాతో అన్నాడు. ఆయన మాట తీసేయలేను. ఆ తలుపు లేని బాత్రూముల్లో నేనూ స్నానం చేసినవాణ్ణే. తలుపులు మన హక్కు, వాటికోసం అడుగుతూనే ఉందాం. కానీ తలుపులు వచ్చేదాకా మన పిల్లలు వేపకొమ్మకే వేలాడాలంటే ఒప్పుకోను. గోడ కట్టినంత మాత్రాన రేపే సైన్యంలో ఉద్యోగమొస్తుందని కూడా నేను చెప్పను. పన్నెండేళ్ళప్పటి నుంచి గోడ ఎక్కినవాడు ర్యాలీలో కడ్డీ చూసి భయపడడు, అంతవరకు చెప్పగలను. చెల్లెళ్ళకూ ఇదే మాట. పూర్ణ ఆడపిల్లే కదా.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. మూడు ఊళ్ళ హాస్టళ్ళకు కలిపి ఒక గోడ, తాళ్ళు, బెల్టులు, నేర్పే ఒక మనిషి కావాలని జిల్లా కలెక్టర్ గారికి అర్జీ రాశాను. మొదటి సంతకం ధర్మవరం వెళ్ళి ఆ ఆటో మిత్రుడితోనే పెట్టించాను, ఆ వంకర చేత్తోనే. కాగితం వార్షికోత్సవం రోజు స్టేజీ పక్క బల్ల మీద ఉంటుంది. భోజనాలకు పోయేముందు వచ్చి సంతకం పెట్టండి. పాత విద్యార్థులు ఫోన్ నంబరు కూడా రాయండి.