గడ్డ సైజు యూరియా చేతిలో లేదు

పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్‌లో బోయిగూడ వైపు దిగి, పూరీ కూర అమ్మే టిఫిన్ బండివాళ్లను అడిగి చూడండి. మరీ లావు ఆలుగడ్డ వాళ్లకు వద్దు, లోపల సరిగా ఉడకదు. గోలీ గడ్డ అసలే వద్దు, పొట్టు తీయడానికే పొద్దు పోతుంది. కోడిగుడ్డంత గడ్డ కావాలంటారు.

మన జహీరాబాద్, కోహిర్ చేల నుంచి బోయినపల్లి మార్కెట్‌కు పోయే సంచిలో మూడు రకాలూ కలిసే ఉంటాయి. బేరగాడు గోలీ గడ్డ పైకి తీసి చూపించి సంచి మొత్తానికి ధర కోస్తాడు. అప్పుడు మనం విత్తనాన్ని తిడతాం. లేదంటే ఇంకో బస్తా యూరియా వేస్తే బాగుండేదనుకుంటాం. ఈ రెండో మాట పూర్తిగా తప్పని నా అభిప్రాయం. నత్రజని మితిమీరితే, అందులోనూ ఆలస్యంగా వేస్తే, ఆకు ఏపుగా పెరుగుతుంది, గడ్డ ఊరడం వెనకబడుతుంది.

అసలు లెక్క కాండాలది. చదరపు గజం నేలలో ఎన్ని కాండాలు లేస్తే అన్ని ఎక్కువ గడ్డలు పడతాయి, ఒక్కోటి అంత చిన్నదవుతుంది. విత్తనపు గడ్డ కొసన ఉన్న మొలక ఒక్కటే ముందుగా లేస్తే పక్క కళ్లు అణిగి ఉంటాయి. అప్పుడు కాండాలు తక్కువ, గడ్డలు తక్కువ, కానీ లావు. ఆ కొస మొలక గిల్లితే పక్క కళ్లన్నీ లేస్తాయి. గడ్డల సంఖ్య పెరుగుతుంది, సైజు తగ్గుతుంది. విత్తనానికి పెంచేవాళ్లకు అదే మేలు, కూరకు అమ్మేవాళ్లకు కాదు.

కోసి నాటేవాళ్లు 30 నుంచి 40 గ్రాముల ముక్క, కనీసం రెండు కళ్లు ఉండేలా చూసుకోవాలి. కూలీలు తొందరలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కోస్తారు. పంటలో హెచ్చుతగ్గులు అక్కడే మొదలవుతాయి. కోత రోజు రైతు పక్కనే కూర్చోవాలి. సాలుకు సాలు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్క 20 సెంటీమీటర్లు ఎడం సరిపోతుంది.

నీళ్లు ఎండగట్టి ఒక్కసారిగా పారిస్తే గడ్డ పగులుతుంది, బుడిపెలు వస్తాయి. నెల లోపు మన్ను ఎగదోయకపోతే ఎండ తగిలిన గడ్డ పచ్చబడుతుంది, అది తినరాదు.

ఆలస్యంగా నాటితే మాత్రం పై పనులేవీ ఆదుకోవు. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే గడ్డ ఊరదు, మన దగ్గర చలి కొద్ది రోజులే.

ఈసారి తవ్వేటప్పుడు ఒక సాలులో పది మొక్కలు పీకి కాండాలెన్ని, గడ్డలెన్ని, గోలీలెన్ని లెక్కపెట్టి రాసుకోండి. వచ్చే ఏడు ఎడం పెంచాలో తగ్గించాలో ఆ కాగితం చూసి తేల్చుకోవచ్చు.