కెమెరా కొన్నాను.. బ్లాగ్ మాత్రం పెరగలేదు!

"ఈసారి బ్లాగ్‌ని సీరియస్‌గా తీసుకుంటా" అని డిసైడ్ అవ్వగానే మనలో చాలామంది ముందు చేసే పని షాపింగ్ యాప్ ఓపెన్ చేయడం. మైక్, రింగ్ లైట్, ట్రైపాడ్, కుదిరితే కెమెరా. గ్యాడ్జెట్లంటే పిచ్చి ఉన్నవాళ్లం కదా, రాయడం కంటే కొనడమే మనకి తేలిక. నేనూ అలాగే బోల్తా పడ్డాను.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వచ్చినప్పుడు ఫ్రీగా దొరికే బ్లాగ్‌స్పాట్ అడ్రస్‌తో ఒక తెలుగు బ్లాగ్ మొదలుపెట్టాను. కూకట్‌పల్లిలో హాస్టల్ జీవితం, కర్రీ పాయింట్ భోజనం, ఇండక్షన్ స్టవ్ మీద ముగ్గురం కలిసి చేసుకునే వంట, సంక్రాంతికి రిజర్వేషన్ దొరక్క పడే పాట్లు.. ఇవీ నా టాపిక్స్. చదివేది మా క్లాస్ వాట్సాప్ గ్రూప్ మాత్రమే. ఉద్యోగం వచ్చాక దీన్ని పెద్దది చేద్దామనిపించింది. 12 నెలల ఈఎంఐ మీద మిర్రర్‌లెస్ కెమెరా తీసుకున్నాను. పెయిడ్ థీమ్ కొన్నాను, లోగో చేయించాను. ఆ 12 నెలల్లో నేను రాసిన పోస్టులు నాలుగు. అందులో ఒకటి కెమెరా అన్‌బాక్సింగ్!

ఒక్క మెయిల్

ఈఎంఐ అయిపోయే టైమ్‌కి ఒక కుర్రాడి నుంచి మెయిల్ వచ్చింది. "అన్నా, హైదరాబాద్‌లో నెలకి ఎంతవుతుందో మీ పోస్ట్ చూసే లెక్కేసుకుని వచ్చాను. హాస్టల్ ఫీజు మీరు రాసినదానికంటే రెండు వేలు ఎక్కువ ఉంది. అడ్వాన్స్ కూడా అడిగారు. వీలైతే పోస్ట్ అప్‌డేట్ చేయండి, తర్వాత వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుంది."

తిట్టలేదు. కంప్లయింట్ కూడా చేయలేదు. నేనే నంబర్ తీసుకుని ఫోన్ చేస్తే అసలు విషయం తెలిసింది. ఇంట్లో మళ్లీ డబ్బులు అడగలేక ఆ నెలంతా రాత్రిపూట ఇడ్లీతో సరిపెట్టుకున్నాడు. నా పోస్ట్ రెండేళ్ల కిందటిది. అందులో అడ్వాన్స్ మాటే లేదు, ఎందుకంటే మా సీనియర్ మాట సాయంతో నాకు అది కట్టే పని పడలేదు. అసలు ఆ లెక్క ఏ నెలదో కూడా నేను రాయలేదు.

ఆ రాత్రి మొదటిసారి స్టాట్స్ పేజీ సరిగ్గా చూశాను. కెమెరాతో తీసిన అందమైన పోస్టులకి వ్యూస్ లేవు. గూగుల్ సెర్చ్ నుంచి రోజూ జనం వస్తున్నది ఆ పాత ఖర్చుల పోస్ట్‌కే. ఇంకా ఎంతమంది అదే లెక్క నమ్ముకుని బస్సెక్కారో!

నా అభిప్రాయం ఒక్కటే. సీరియస్‌గా తీసుకోవడం అంటే మనం చెప్పింది నమ్మి ఒకరు డబ్బు ఖర్చు పెడతారని గుర్తుపెట్టుకుని రాయడం. బ్లాగ్ పెరగడం కూడా అక్కడే మొదలవుతుంది.

నేను మార్చుకున్నవి

మొదటిది తేదీ. ఫోన్ రివ్యూలో ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద టెస్ట్ చేశారో రాయకపోతే మనమే ఊరుకోం. ఒక్క అప్‌డేట్‌తో బ్యాటరీ, కెమెరా రెండూ మారిపోతాయని మనకి తెలుసు. అద్దె, మెస్ బిల్లు, బస్ పాస్ కూడా అంతే. ఇప్పుడు ప్రతి ధర పక్కన నెల, సంవత్సరం రాస్తున్నాను. మూడు నెలలకోసారి ఒక శనివారం కొత్త పోస్ట్ రాయను, పాతవే సరిచేస్తాను. నన్నడిగితే బ్లాగ్‌కి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన రోజు అదే.

రెండోది బరువు. కెమెరా నుంచి ఒక్కో ఫొటో 8 ఎంబీ ఉండేది. ఆరు ఫొటోలు అలాగే అప్‌లోడ్ చేసేవాణ్ని. అంటే ఒక్క పోస్ట్‌కి దాదాపు 48 ఎంబీ. రోజుకి 1.5 జీబీ డేటాతో నెట్టుకొచ్చే స్టూడెంట్ దాన్ని ఎందుకు ఓపెన్ చేస్తాడు? పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ చెబుతుంది. ఆఫీసులో ఇలాంటి పేజీ నా ముందుకొస్తే నేనే వెనక్కి పంపేవాణ్ని. ఇప్పుడు ఫొటో వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి పెడుతున్నాను. ఒక్కోటి 200 కేబీ దాటదు. ఫోన్ స్క్రీన్ మీద తేడా కనిపెట్టడం కష్టం.

మూడోది సొంత అడ్రస్. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లని నిషేధించినప్పుడు టిక్‌టాక్ కూడా పోయింది. లక్షల ఫాలోవర్లున్న మన తెలుగు కుర్రాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు. గూగుల్ రీడర్ 2013లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. అందుకే ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ ఖర్చుతో సొంత డొమైన్ తీసుకుని బ్లాగర్‌కే తగిలించాను. నెలకోసారి సెట్టింగ్స్‌లోంచి బ్యాకప్ డౌన్‌లోడ్ చేస్తాను. రేపు ఏ సర్వీస్ ఆగిపోయినా నా అడ్రస్, నా రాతలు నా దగ్గరే ఉంటాయి.

నాలుగోది డబ్బు. 2018 నుంచి తెలుగు సైట్లకీ యాడ్‌సెన్స్ ఉంది కానీ, చిన్న బ్లాగ్‌కి దాంతో వచ్చేది టీ ఖర్చే. అసలు టెంప్టేషన్ ఫ్రీగా వచ్చే వస్తువులు. 2021లో ఆస్కీ తెచ్చిన ఇన్‌ఫ్లుయెన్సర్ గైడ్‌లైన్స్ ప్రకారం డబ్బు తీసుకున్నా, వస్తువు ఫ్రీగా తీసుకున్నా ఆ మాట చెప్పాలి. నేను పోస్ట్ మొదటి లైన్‌లోనే చెబుతాను. చెప్పడానికి సిగ్గనిపిస్తే ఆ వస్తువు తీసుకోను.

మరి సరదా సంగతి?

"పర్సనల్ బ్లాగ్‌కి ఇన్ని రూల్స్ పెడితే మజా ఏముంటుంది?" అని మా రూమ్‌మేట్ అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. అందుకే కీవర్డ్స్ వెతికి టాపిక్ ఎంచుకోవడం, వారానికి ఐదు పోస్టులు, ఒకే నిష్ పట్టుకుని వేలాడటం.. ఇవేవీ నేను చేయను. నెలకి రెండు పోస్టులు, అంతే. గుత్తి వంకాయ మాడిపోయిన కథ రాసేటప్పుడు ఏ రూలూ లేదు. అంకె రాసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాను.

ఇలా ఏడాది చేశాక రోజుకి 30 మంది వచ్చే బ్లాగ్‌కి 200 మంది దాకా వస్తున్నారు. యూట్యూబ్ లెక్కల్లో ఇదో నంబరే కాదు. నాకు మాత్రం చాలా ఎక్కువ.

ఆ కెమెరా ఇప్పుడు మా అన్నయ్య దగ్గర ఉంది, పెళ్లిళ్లకి వాడుకుంటున్నాడు. ఖర్చుల పోస్ట్‌లో ఫొటోలన్నీ మూడేళ్ల నాటి నా ఫోన్‌తో తీసినవే. హాస్టల్ రేట్లు మారినప్పుడల్లా నాకు ముందుగా మెసేజ్ పెట్టేది ఆ మెయిల్ రాసిన కుర్రాడే. కొత్త ఫీజు, అడ్వాన్స్ ఎంతో రాసి చివర్లో "అప్‌డేట్ చెయ్ అన్నా" అంటాడు. చేసేదాకా నాకు నిద్ర పట్టదు.