సైకిల్ లేన్‌లో సైకిల్ తప్ప అన్నీ

మా ఆఫీసు సెల్లార్‌లో జనరేటర్ పక్కన సైకిళ్ళకి ఒక మూల ఇచ్చారు. రోజూ అక్కడ పదీ పన్నెండు సైకిళ్ళుంటాయి. వాటిలో గేర్లున్నది ఒక్కటే, అది నాది. మిగతావన్నీ హౌస్‌కీపింగ్ వాళ్ళవీ సెక్యూరిటీ వాళ్ళవీ. క్యారియర్‌కి పాత ట్యూబుతో కట్టిన టిఫిన్ బాక్సులు చూస్తే తెలిసిపోతుంది. ఇంజినీర్లలో సైకిల్ మీద వచ్చేది నేనొక్కడినే కాబట్టి టీమ్‌లో నాకు ‘పర్యావరణం’ అని పేరు పెట్టారు. నిజానికి పర్యావరణం కోసం కాదండీ. ఇంటి నుంచి ఆఫీసుకి 7 కిలోమీటర్లు. కార్లో వెళ్తే యాభై నిమిషాలు, సైకిల్ మీద అరగంట. లెక్క అంతే.

ఆ ఏడు కిలోమీటర్లలో రెండు కిలోమీటర్లకి సైకిల్ లేన్ ఉంది. రోడ్డుకి ఎడమ అంచున ఆకుపచ్చ రంగు పూసి, తెల్లగా సైకిల్ బొమ్మ వేశారు. వేసిన కొత్తలో నేనే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా, హైదరాబాద్ మారిపోతోంది అని.

మా ఆఫీసు సెక్యూరిటీలో ఒకాయన ఉంటాడు, యాభై దాటి ఉంటాయి. పొద్దున డ్యూటీకి అదే రోడ్డు మీద వస్తాడు. రోజూ ఎక్కడో ఒకచోట కలుస్తాం. ఆయన ఒక్కరోజు కూడా ఆ పచ్చ లేన్‌లోకి వెళ్ళడం నేను చూడలేదు. దాని పక్కనే, రోడ్డు మీదే, గీత గీసినట్టు సాఫీగా తొక్కుకుంటూ వస్తాడు. నేను మాత్రం నిబంధన ప్రకారం లేన్‌లో. ఒకరోజు స్టాండ్ దగ్గర అడిగేశా. “అన్నా, మనకోసమే కదా వేసింది, అందులో ఎందుకు రావు?”

“దాంట్ల పోతె పానం మీదికొస్తది సార్. కారు ఆగి ఉంటది. దాన్ని దాటనీకి బయటికి రావాలె, మళ్ల లోపలికి పోవాలె. అట్ల లోపలికి బయటికి తిరుగుడు కంటె సీదా పోవుడు మంచిది. ఎనకొచ్చేటోనికి నేను కనబడ్తనే ఉంట.”

నవ్వి ఊరుకున్నా. మనం చదువుకున్నవాళ్ళం కదా.

సరిగ్గా మూడు వారాలకి పడ్డాను. లేన్‌లో సగం ఆక్రమించి ఒక కారు ఆగి ఉంది. మిగిలిన సగంలోంచి దాన్ని రాసుకుంటూ వెళ్ళిపోవచ్చు అనుకున్నా. డ్రైవర్ తలుపు తెరిచాడు. కుడిచేతి వైపు ఎగిరిపడ్డాను, అంటే రోడ్డు మీదికి. వెనకొస్తున్న ఆటో అతను బ్రేక్ వేశాడు కాబట్టి ఇది రాస్తున్నా. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, ఎడమచేత్తో కోడింగ్.

కారతను చెడ్డవాడేం కాదు. తనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా “సారీ బ్రో, అద్దంలో చూసుకోలేదు” అంటూనే ఉన్నాడు. పార్కింగ్ దొరక్క ఖాళీగా కనిపించిన చోట కారు ఆపాడు, దిగడానికి తలుపు తీశాడు. రోజూ లక్షమంది చేసే పని. ఆ మాత్రానికే పక్కవాడి ఎముక విరిగేలా ఉందంటే అది అతని పొరపాటు ఒక్కటే కాదు, ఆ లేన్ వేసిన తీరులోనే తప్పుంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతే. యూజర్ మామూలుగా చేసే పనికే సిస్టమ్ కూలిపోతే యూజర్‌ని తిట్టం.

(కారు నడిపే వాళ్ళకి ఒక చిన్న మాట. మనకి స్టీరింగ్ కుడివైపు కదా, దిగేటప్పుడు కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తలుపు తీయండి. ఒళ్ళు దానంతటదే తిరిగి, వెనకొచ్చేవాడు కళ్ళబడతాడు. నెదర్లాండ్స్‌లో పాత అలవాటు ఇది. బ్రిటన్ 2022 జనవరిలో తన హైవే కోడ్‌లో కూడా చేర్చింది. ఖర్చు సున్నా.)

కట్టు విప్పాక ఒక ఆదివారం ఆ రెండు కిలోమీటర్లు నడిచాను, చేతిలో టేపు పట్టుకుని. లేన్ వెడల్పు చాలాచోట్ల మీటరున్నర లోపే. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు బయటికొస్తుంది. అంటే పక్కన కారు ఆగి ఉన్నచోట లేన్ మొత్తం తలుపు పరిధిలోనే ఉన్నట్టు. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె సగం లేన్‌ని తినేసింది. డ్రైనేజీ జాలీ ఒకటి ఉంది, దాని కమ్మీలు సైకిల్ వెళ్ళే దిశలోనే పొడుగ్గా ఉన్నాయి, సన్న టైరు సందులో దిగితే అక్కడికక్కడే పల్టీ. అదే జాలీని అడ్డంగా తిప్పి పెడితే ఏ గొడవా లేదు. ఆగిన కార్లు, ఇడ్లీ బండ్లు, ఇసుక కుప్పలు, కొబ్బరిబోండాలు... నలభై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి ఆపేశా. ఇడ్లీ బండి వాళ్ళని మాత్రం ఏమనను. వాళ్ళకి చోటు చూపించకుండా మనకి లేన్ గీయడమే తప్పు.

వీటన్నిటికంటే ప్రమాదం ఎక్కడుందో తెలుసా? ఏమీ అడ్డం లేనిచోట. సిగ్నల్ దగ్గర. కూడలికి ముప్పై అడుగుల ముందు పచ్చరంగు ఆగిపోతుంది. ఎక్కువ అవసరమైన చోటే లేన్ లేదు. మనం ఎడమచేతి వైపు నడిచే దేశం కాబట్టి సైకిల్‌వాడు ఎడమ అంచున ఉంటాడు. నేరుగా వెళ్ళాలనుకుంటాడు. వాడికి కుడిపక్కనున్న బస్సు ఎడమకి తిరుగుతుంది. పైగా చాలాచోట్ల ‘ఫ్రీ లెఫ్ట్’. బస్సు డ్రైవర్‌కి ఆ మూల కనిపించదు. సైకిల్ పోటీల వాళ్ళ కంటే కూరగాయల బుట్టతో నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఎక్కువ చిక్కుకుంటారు. జాగ్రత్త తీసుకున్న దేశాల్లో కూడలి మలుపు దగ్గర గట్టు కట్టి వాహనం వేగం తగ్గేలా చేస్తారు, సైకిల్ ఆగే గీతని కార్ల గీత కంటే ముందుకి జరుపుతారు. మన దగ్గర బొమ్మ వేసి వదిలేశారు.

వేగం సంగతి కూడా చెప్పాలి. గుద్దుకునే శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్సే. 30లో వచ్చే కారు కంటే 60లో వచ్చే కారు దెబ్బకి శక్తి నాలుగింతలు. అందుకే నడిచేవాళ్ళూ సైకిళ్ళూ కార్లూ కలిసిపోయే వీధుల్లో వేగం 30కి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 30కి దించలేని రోడ్డు మీదైతే మధ్యలో గట్టో గోడో ఉండాల్సిందే. రంగు ఎవడినీ ఆపదు. వానలో ఆ రంగు మీద టైరు జారుతుంది కూడా, అది నా అదనపు అనుభవం.

మన దగ్గర మంచి ట్రాక్ అసలు లేదని కాదు. అవుటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు, ఆ కప్పు మీద 16 మెగావాట్ల కరెంటు. నేను వెళ్తుంటాను. మే నెల ఎండలో కూడా నీడన తొక్కొచ్చు, పక్కనుంచి ఎవడూ హారన్ కొట్టడు. మొదటిసారి వెళ్ళినప్పుడు గంటసేపు ఎడమ భుజం బిగబట్టకుండా తొక్కానని ఇంటికొచ్చాక గుర్తించా. అయితే అక్కడికి ఎలా వెళ్ళానో చెప్పనా? సైకిల్ని కారు వెనక స్టాండ్‌కి తగిలించుకుని వెళ్ళా. ఆదివారం అక్కడికి అలాగే వచ్చేవాళ్ళు బోలెడుమంది. వ్యాయామానికి అద్భుతం, కాదనను. మా సెక్యూరిటీ అన్న డ్యూటీకి వచ్చే దారిలో మాత్రం అది లేదు.

నా క్లాస్‌మేట్ ఒకడు ఐండ్‌హోవెన్‌లో ఉంటాడు. కిందటేడు వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వెళ్ళి మూడు నెలలున్నారు. ఆంటీ హైస్కూల్ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. అక్కడ రెండో వారానికే చీరకట్టు మీద సైకిలెక్కి కూరలకి వెళ్ళొస్తున్నారట. వాడు వీడియో పంపాడు. ఎర్ర తారు దారి, కారు దారికి దూరంగా, మధ్యలో గడ్డి. వెనకనుంచి వచ్చే స్కూలు పిల్లలు ఆంటీని దాటుకుని పోతున్నారు. ఆ వీడియో మా అమ్మకి చూపిస్తే ఒక్కటే అడిగింది, “మరి అక్కడ కార్లు లేవా?” ఉన్నాయమ్మా, మనకంటే ఎక్కువ.

వాళ్ళు పుట్టుకతో అలా లేరు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3 వేల మందికి పైగా పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఉద్యమానికి పెట్టుకున్న పేరుకి అర్థం ‘పిల్లల హత్యలు ఆపండి’ అని. ప్రమాదాలు అనలేదు, హత్యలు అన్నారు. తర్వాత 1973లో చమురు కొరత తోడైంది. అప్పుడు మొదలుపెట్టి దశాబ్దాల పాటు కట్టుకుంటూ వచ్చారు.

ఇంత చెప్తే మా మేనేజర్, “అది చల్లటి దేశం, మన ఎండలో ఎవడు తొక్కుతాడయ్యా” అంటారు. స్పెయిన్‌లో సెవియ్యా అని ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. 2006 నుంచి రెండేళ్ళు తిరక్కుండానే 80 కిలోమీటర్ల దాకా గట్టు కట్టిన ట్రాకులు వేశారు. అక్కడో ముక్క ఇక్కడో ముక్క కాకుండా, ఒకదానికొకటి తగిలేలా. సైకిళ్ళు కొన్ని రెట్లు పెరిగాయి. చాలాచోట్ల రోడ్డు పక్క కార్ల పార్కింగ్ తీసేసి ఆ చోటు ఇచ్చారు, అదీ అసలు కష్టం. ఇంకో మాట, మన ఎండలో ఎవడూ తొక్కడు అనడానికి ముందు మా సెల్లార్‌లోకి వచ్చి చూడండి. తొక్కేవాళ్ళున్నారు. వాళ్ళు మన లెక్కలోకి రారు, అంతే.

ఆ లెక్క కూడా చెప్తా. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్ళు 4 వేలకు పైనే. వాళ్ళలో ఆదివారం ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళ కంటే పనికి పోయేవాళ్ళే ఎక్కువని నా అనుమానం.

ప్రయత్నాలు జరగలేదని కాదు. కరోనా ఏడాది 2020లో కేంద్రం సైకిల్ దారుల కోసం నగరాలకి పోటీ పెట్టింది. 2021లో ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. ఆ పోటీలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ముందు కోన్లూ తాళ్ళూ పెట్టి కొన్నాళ్ళు నడిపి చూడటం, జనం ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసి మార్చటం, తర్వాతే సిమెంటు పోయటం. మనం కోడ్‌ని టెస్ట్ చేసినట్టే. ఆ టెస్టింగ్‌కి పిలవాల్సింది నాలాంటి గేర్ సైకిల్‌వాడిని కాదు. డ్యూటీ దిగాక రాత్రి ఎనిమిదిన్నరకి, లైట్ లేని సైకిల్ మీద, తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళేవాడిని.

ఇప్పుడు నేను కూడా రోడ్డు మీదే వెళ్తున్నా, ఆయన వెనకాలే. మలుపు దగ్గర చెయ్యి ఎంత ముందుగా చాపాలో, ఫ్లైఓవర్ కింద ఎక్కడ దిగి నడిపించుకెళ్ళాలో ఆయన్ని చూసే నేర్చుకున్నా. నా దగ్గర ఒకటి ఎక్కువుంటే వెనక పెట్టుకునే ఎర్ర లైటు ఇచ్చాను. టిఫిన్ బాక్సుకి కట్టుకున్నాడు.

పోయిన వారం ఆ లేన్‌కి మళ్ళీ కొత్తగా రంగు వేశారు. పొద్దున్నే ఇద్దరం ఆగి చూశాం. మధ్యలో ఒకచోట కారంత మేర నలుచదరంగా పాత తారు అలాగే ఉంది. రంగు వేసే టైంకి అక్కడ ఎవరిదో కారు ఆగి ఉంటే చుట్టూ పూసి వెళ్ళిపోయారు.

“మంచిగ పార్కింగ్ గీత గీసిన్రు గద సార్” అని ఆయన పెడల్ మీద కాలేశాడు.