మూలకణాలు ఎక్కిస్తామని డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

సికింద్రాబాద్ పెద్దలకు, వారి పిల్లలకు విజ్ఞప్తి

కిటికీ ఊచలు వంకరగా కనిపిస్తున్నాయా? ఎదుటి మనిషి భుజాలు తెలుస్తున్నా ముఖం మసకేస్తోందా? వయసు మీద పడ్డాక రెటీనా నడుమ ఉండే మాక్యులా దెబ్బతింటే ఇలా అవుతుంది. శుక్లంలా ఆపరేషన్‌తో పోయేది కాదు. మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కించి చూపు తెప్పిస్తామంటూ ఈ భయాన్నే సొమ్ము చేసుకునేవాళ్లున్నారు.

అలాగని మూలకణాల వైద్యమంతా బూటకం కాదు. మన బంజారాహిల్స్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి చేస్తున్నారు. సున్నమో యాసిడో పడి కార్నియా పాడైతే, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి నాటుతారు. కానీ అది కంటి ముందు పొర. వెనకున్న రెటీనా సంగతి వేరు, అక్కడ ఇంకా ప్రయోగాలే. 2014లో జపాన్‌లో మసాయో తకహాషి బృందం ఒక వృద్ధురాలికి మూలకణాలతో పెంచిన కణాల పొర అమర్చింది. ఏడాది తర్వాత చూపు దిగజారలేదు, మెరుగూ పడలేదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు వృద్ధ మహిళలకు పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలను ఒకే రోజు రెండు కళ్లలోకీ ఎక్కించారు. వారి చూపు తీవ్రంగా దెబ్బతింది. 2017లో ఒక వైద్య పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. ఆ ప్రయోగం పేరు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదై ఉండేది, అయినా డబ్బు కట్టించుకున్నారు! అందుకే ట్రయల్ నమోదు నంబరు ఒక్కటే చూసి నమ్మొద్దు. ట్రయల్‌లో చేరినవారి దగ్గర రుసుము తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మా డిమాండ్లు:

1. మూలకణాలతో రెటీనా వైద్యమనే ప్రతి ఆస్పత్రీ సీటీఆర్‌ఐ (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు, ఎథిక్స్ కమిటీ వివరాలు, "రుసుము లేదు" అన్న మాట రిసెప్షన్‌లో బోర్డు మీద రాయాలి.

2. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఇలాంటి ప్రకటనలపై తనిఖీలు చేయాలి.

3. కంటి వెలుగు వంటి శిబిరాలు పెట్టినప్పుడు కళ్లద్దాలతో ఆగకుండా, గళ్ల కాగితం చూపించే ఆమ్‌స్లర్ పరీక్ష కూడా చేయాలి.

మీరు చేయాల్సింది: ఒక కన్ను మూసి, రెండో కంటితో తలుపు జాలీ గళ్లను చూడండి. తర్వాత రెండోది మూసి చూడండి. గీతలు వంగినా, మధ్యలో మచ్చ కనబడినా ఆ వారమే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాక్యులా కింద రక్తనాళాలు కారే రకమైతే, వేళకు ఇంజెక్షన్లు మొదలుపెడితే చాలామందికి ఉన్న చూపు నిలుస్తుంది. సిగరెట్, బీడీ మానండి. మూలకణాల కోసం దాచిన డబ్బు ఈ పరీక్షలకు, ఇంజెక్షన్లకు పెట్టండి.

ఇట్లు,
మీ తోటి సీనియర్ సిటిజన్లు, సికింద్రాబాద్